కోతలు అయ్యాక

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, మిరప కోతల్లో ఉండగా నాకు దవడ పన్ను పుచ్చింది. ప్రత్తిపాడు అవతల ఒక ఆసామి చేలో అమ్మా నేనూ ఒకే సాలు పట్టి కాయలు కోసేవాళ్ళం. నొప్పి అని ఏడిస్తే, కోతలు అయ్యాక గుంటూరు పోదాంలే అనేది అమ్మ. ఆమెను తప్పు పట్టలేను. ఒక్కపూట రాకపోతే మేస్త్రీ మా సాలు ఇంకొకళ్ళకు ఇచ్చేసేవాడు, ఆ ఏడు మళ్ళీ పిలిచేవాడు కాదు.

ఆ ఆసామి కూతురు నా తరగతే. నేను కోతలకని బడి మానేసే ముందు వారమే దానికీ పన్ను పుచ్చింది. మర్నాడే వాళ్ళ నాన్న గుంటూరు తీసుకెళ్ళి పంటికి సిమెంటు పెట్టించాడు. అది బడిలో నోరు తెరిచి అందరికీ చూపించింది. తర్వాత నా పన్ను సలుపుతుంటే అదే గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది. ఇద్దరం కొనుక్కుని తిన్నది ఒకే కొట్లో బెల్లం ఉండలు.

ఒకరోజు గట్టు మీద అమ్మ పొగాకు తుంపి, ఉప్పద్ది, వేలితో పుచ్చులో కుక్కింది. చేతులు రెండుసార్లు కడుక్కునే కుక్కింది గానీ, పొద్దుట్నుంచీ కాయలు కోసిన చేతిని కారం అంత తేలిగ్గా వదులుతుందా? నోరంతా మంట. ఉమ్మితే పొగాకు పోతుందని ఉమ్మనివ్వలేదు. నేనెక్కడికి పారిపోను, నొప్పి నా నోట్లోనే ఉంటే? నన్ను చూసి అమ్మా ఏడ్చింది. ఏడుస్తూనే ఇద్దరం మళ్ళీ సాల్లోకి దిగాం.

నాలుగు రోజులకు దవడ వాచిపోయింది. గంజి తప్ప ఏమీ దిగేది కాదు.

పక్కింటి అక్క మా పక్క సాల్లోనే కోసేది. పెళ్ళీడు పిల్ల. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. సిగ్గనుకుని అందరం ఆటపట్టించేవాళ్ళం, నేనైతే మరీను. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ మళ్ళీ కోతలు అయ్యాక పోదాంలే అంది. అక్క లేచి వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, అంతమంది ఆడవాళ్ళ మధ్య నోరు బార్లా తెరిచింది. ముందుపళ్ళ పక్కనుంచి వరసగా నాలుగు పళ్ళు లేవు.

"నాక్కూడా కోతలు అయ్యాకే అన్నారు పిన్నీ. ఏ ఏటి కోతలో ఎవరూ చెప్పలేదు."

అమ్మ ఒళ్ళో కాయలు బస్తాలో పోసి, నా చెయ్యి పట్టుకుని రోడ్డెక్కింది. పెద్దాసుపత్రిలో డాక్టరు గారు ఆ పన్ను పీకేశారు. ముందే తెచ్చుంటే నిలిచేదని అమ్మను కేకలేశారు. పక్క పంటికి అంటుకున్న పుచ్చు మాత్రం వాపు తగ్గాక గీకి సిమెంటు పెట్టారు. ఇప్పటికీ దాంతోనే నములుతున్నాను. మర్నాటికి మా సాల్లో వేరేవాళ్ళున్నారు. ఆ ఏడు మాకు కోతలు అంతటితో సరి.

మా వీధిలో వాళ్ళు ఇంకా కోతలకు వెళ్తూనే ఉన్నారు. ఏ బిడ్డయినా దవడ పట్టుకుని కనిపిస్తే, నేను ఆ తల్లితో వాదన పెట్టుకోను. ఎదురుగా కూర్చుని నోరు తెరుస్తాను. ఈ వయసులోనూ సిగ్గేస్తుంది. ఆ రోజు అక్కకు ఎంత సిగ్గేసి ఉంటుందో.