జేజి పోసిన మంచినీళ్లు

మొన్న ఎమ్మిగనూరులో మనవరాలు పట్టుబట్టడంతో రంగు చేపలమ్మే అంగడికి వెళ్లాను. అంగడాయన మూలనున్న అద్దాల తొట్టిలో ఉప్పు కలుపుతూ, ఇవి సముద్రపు జీవాలనీ, మంచినీళ్లు పోస్తే బతకవనీ, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. అది నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్న సందర్భం ఒకటుంది. డెబ్బై ఏళ్లు కావస్తోంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్లు మీరు గనుక మీ దగ్గర చెప్పుకుంటున్నాను.

మాది ఆదోని. నాయన పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మా వీధి బావిలో ఉప్పునీళ్లు, గిన్నెలు తోమడానికి తప్ప పనికిరావు. మంచినీళ్ల బావి మైలు దూరం. నాయనను కన్నతల్లి, మా జేజి, రోజూ పొద్దున్నే అక్కడికి పోయి, నీళ్లు ఊరేదాకా గట్టుమీద కూర్చుని, నెత్తిన కడవ, చంకన బిందె పెట్టుకుని వచ్చేది. మేము రెండో చెంబు అడిగితే కళ్లెర్రజేసేది గానీ, గడప ముందు నిలబడి దాహమన్నవాళ్లకు మాత్రం ఎవరు, ఏమిటని అడగకుండా చెంబు నిండా పోసేది. మా వీధిలో నగలున్న ఆడవాళ్లు లేకపోలేదు, కానీ నీళ్లు పోసేటప్పుడు మా జేజి నిలబడే తీరు వాళ్లెవరికీ రాలేదు.

చిన్నాయన మద్రాసు రేవులో మూటలు మోసేవాడు. ఒక ఎండాకాలం, సీజను అయిపోయి మిల్లు మూసిన రోజుల్లో, నాయన, అమ్మ, జేజి, నేను రైలెక్కి ఆయన దగ్గరికి వెళ్లాం. సముద్రాన్ని చూడగానే అమ్మ దండం పెట్టింది, జేజి మాత్రం తిన్నగా పోయి దోసిలి పట్టి తాగబోయి, ఉమ్మేసింది.

“ఇన్ని నీళ్లుండి, తాగేకి ఒగ గుక్క ల్యాకపాయనే!” అని ఆమె వాపోతుంటే మేమంతా పగలబడి నవ్వాం.

మర్నాడు ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసి, చిన్నాయన మమ్మల్ని రాళ్ల గట్టు దగ్గరికి తీసుకుపోయాడు. రాళ్ల సందుల్లో మిగిలిన నీటిగుంటల్లో ఎన్ని వింతలని! వేలు తగిలిస్తే ముడుచుకుపోయే పువ్వులాంటి జీవాలు, రాయిని కరుచుకుని ఊడిరాని గుల్లలు, చీపురుపుల్లంత చేపలు. అమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని ఒక గుంట నుంచి ఇంకో గుంటకు చిన్నపిల్లలా దూకడం నేను చూసింది ఆ ఒక్కనాడే. జేజి ప్రతి గుంటలోకీ వంగి, ఈ ఉప్పులో ఇవి ఎట్లా బతుకుతున్నాయో పాపమని జాలిపడింది. ఇంతలో శంఖంలో కాపురమున్న చిన్న ఎండ్రకాయ ఒకటి ఆ శంఖాన్ని వీపున మోసుకుంటూ నా పాదం మీదుగా నడిచిపోయింది. అది నాకు కావాలని ఏడ్చి సాధించాను. చిన్నాయన మూతగిన్నెలో సముద్రపు నీళ్లు ముంచి, దాన్ని అందులో వేసి, నాకొక్కదానికే చెప్పాడు.

“ఈ నీళ్లే ఉండాల పాపా. మంచినీళ్లు తగిలినాయంటే సచ్చిపోతాది.”

తిరుగు రైల్లో గుంతకల్లు దాటాక, మూత తీసి ఆడుకుంటున్న నా చేతిలోంచి గిన్నె ఒరిగి నీళ్లన్నీ ఒలికిపోయాయి. అందరూ కునుకు తీస్తున్నారు. తిడతారన్న భయంతో గిన్నెకు మూతపెట్టి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఇంటికి చేరగానే జేజి మూత తీసి చూసింది. ఎండిన గిన్నెలో ఎండ్రకాయ శంఖంలోకి నక్కి ఉంది. ఆమె గాబరాగా లోపలికి పోయి, పక్కింటావిడ మాకోసం తెచ్చిపెట్టిన కడవలోంచి, తన వంతు మంచినీళ్లు చెంబుతో తెచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్కమాట అంటే సరిపోయేది, కానీ అంటే గిన్నె ఎందుకు ఎండిందో చెప్పాలి. నోరు మెదపలేదు.

“పుట్టినప్పట్నుంచి ఉప్పునీళ్లే తాగినావు. కడుపార తాగు తల్లీ” అంటూ ఆమె పోసింది.

మర్నాటికి అది శంఖం వదిలి బయటికొచ్చి, గిన్నె అడుగున చచ్చిపడి ఉంది. వీధి వీధంతా వినేలా ఏడ్చాను. “జేజి సంపేసింది! మంచినీళ్లు పోయొద్దని చిన్నాయన సెప్పినాడు!” అని అరిచాను. నాయన జేజిని విసుక్కున్నాడు. తెలిసినదానివి నువ్వెందుకు చెప్పలేదని నన్ను ఒక్కరూ అడగలేదు.

జేజి గిన్నె వంక చూస్తూ, “నీళ్లు పోస్తే సస్తాయని నాకు తెల్దు పాపా” అంది, అంతే.

ఆ తర్వాత ఆమె నీళ్లు పోయడం మానలేదు. ఎవరైనా దాహమని వస్తే చెంబు ఎత్తి, వంచబోయి, ఆగి నావైపు చూసేది. “పోయొచ్చునా పాపా?” అని అడిగేది. బాటసారికైనా, దూడకైనా, జ్వరమొచ్చిన పిల్లకైనా అదే మాట. బడికి పోయేదాన్ని గనుక నాకు అన్నీ తెలుసునని ఆమె నమ్మకం. నేను పెద్దమనిషిలా తలూపేదాన్ని. మొదట్లో అది నాకు కాస్త గొప్పగా కూడా ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇవాళ ఆదోనిలో కొళాయిలు వచ్చాయి, నీళ్ల డబ్బాలు ఇంటిముందుకే వస్తున్నాయి, ఆడవాళ్ల నెత్తిన కడవ దిగింది. మంచిదే. గడప ముందు నిలబడి దాహమనే మనిషి ఇప్పుడు కనబడడు, ఎవరి సీసా వాళ్ల చేతిలోనే ఉంటోంది. నా దిగులు దానికోసం కాదు. జేజి కన్నుమూసేదాకా ఏడెనిమిదేళ్లు ఒకే ఇంట్లో, ఒకే కడవ నీళ్లు తాగాం. ఆమె అడిగిన ప్రతిసారీ “పోయొచ్చు జేజీ” అన్నాను. “నీ తప్పు కాదు జేజీ” అని ఒక్కసారీ అనలేదు.