మాస్టారి తాటిమోడు కొట్టనివ్వను

మిత్రులందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకోకండి. నారుమళ్ళ సీజను, కొట్లో ఊపిరి సలపలేదు. ఈలోగా భట్టిప్రోలు సైన్సు మాస్టారు పోయారు. పోయిన గురువారం, రేపల్లె ఆస్పత్రిలో, గుండెపోటు.

ఆయన దగ్గర నేను బళ్ళో చదవలేదు. తెనాలిలో నా పురుగుమందుల కొట్లో, కౌంటరు మీదే చదువుకున్నాను. రిటైరయ్యాక రేపల్లె పాసింజరెక్కి వచ్చేవారు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. మొదటిసారి అందులోంచి బొటనవేలంత బూడిదరంగు ఉండ తీసి, పిన్నీసుతో విప్పారు. లోపలంతా బొచ్చు, ఎముకలు.

"ఏంటండీ మాస్టారూ, చేతబడా?" అన్నాడు మందు కొనడానికొచ్చిన జంపని రైతు.

"గుడ్లగూబ కక్కిందయ్యా. అరగనిదంతా ఇలా ఉండ చేసి ఉమ్మేస్తుంది. ఎలుక పుర్రెలెన్నున్నాయో లెక్కెట్టు."

"నాలుగండి."

"నీ చేలో కాపలా కాసినందుకు ఎప్పుడైనా జీతం అడిగిందా?"

వరిని ఎలుక తింటుంది, ఎలుకని పామూ గూబా తింటాయి. గూబ జోలికొచ్చేవాడు లేడు, చేలో అదే పెద్ద. "పైనున్నవాణ్ణి తీసేస్తే కిందోడు ఊరేలేస్తాడ్రా" అనేవారు. నేను నవ్వేసి, ఆయన చేను చుట్టూ ఉన్న రైతులందరికీ ఎలుకమందు బిళ్ళలు అమ్మాను. ఆ బిళ్ళ తిన్న ఎలుక వెంటనే చావదు. రెండు మూడు రోజులు తూలుతూ తిరుగుతుంది. గూబకి అదే తేలిగ్గా దొరుకుతుంది.

ఒకరోజు మాస్టారు న్యూస్‌పేపరు పొట్లం తెచ్చి కౌంటరు మీద పెట్టారు. ఆయన చేను గట్టున తలలేని తాటిమోడు ఉంది, దాని తొర్రలో కాపురమున్న తెల్ల గూబల జంట. ఆ రెండూ పొట్లంలో చచ్చిపోయి ఉన్నాయి.

"నీ మందు బాగానే పనిచేసిందిరా అబ్బాయ్."

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మిగిలిన ఎలుకలు పిల్లల్ని పెట్టుకుంటూ పోయాయి. తరవాతి పంటకి గట్లన్నీ గుల్ల చేశాయి. ఆ బిళ్ళలు మానేసి, ఎలుకల్ని పట్టే వెదురు బుట్టలు కొట్టు ముందు వేలాడదీశాను.

"ఏం బావా, బుట్టల వ్యాపారంలో దిగావా?" అని పక్క కొట్టాయన ఎకసెక్కెం.

"గూబలతో పొత్తు బావా" అన్నాను.

మూడేళ్ళకి మాస్టారు ఫోన్ చేశారు. "వచ్చిందిరా! కొత్త జంట!" చిన్నపిల్లాడి గొంతు.

మొన్న చర్చి దగ్గర, సమాధి మట్టి ఆరకముందే ఎవరో అన్నారు, ఆ గూబ కూసే మాస్టార్ని తీసుకుపోయిందని. బాపట్ల నుంచొచ్చిన మాస్టారి పెద్దబ్బాయి, ఆ మోడు కొట్టించడానికి రంపం వాళ్ళని ఆదివారానికి మాట్లాడేశాడు.

"బాబూ, గూబ కూతకే మనిషి పోయేట్టయితే మీ నాన్న పాతికేళ్ళ కిందటే పోవాలి. దాని కిందే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దారయ్యా."

"అమ్మ భయపడుతోందండి అంకుల్."

"అమ్మగారికి నేను చెప్పుకుంటాను. మోడు మాత్రం కొట్టనివ్వను."

ఒకసారి నా చేతుల్తో చంపాను. రెండోసారి చూస్తూ ఊరుకోను. ఎవరేమనుకున్నా సరే.

నిన్న సాయంత్రం వెళ్ళొచ్చాను. మోడు కింద మాస్టారి ప్లాస్టిక్ కుర్చీ అలాగే ఉంది. తొర్రలోంచి తెల్లటి ముఖం ఒకటి ఆ ఖాళీ కుర్చీకేసి చూస్తోంది. ఆదివారం పొద్దున్నుంచీ అందులో నేను కూర్చుంటాను. మీరు ఎన్నింటికొస్తారు?