వెన్యమీన్ లుకిచ్ బాగుచేసిన బ్యాడ్జీ

రష్యాలో నేత మిల్లుల ఊరైన మా ఇవానోవొలో ఒకప్పుడు మా క్లబ్బున్న హాలులో ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు. ట్రాలీబస్సు అటు వెళ్తుంటే నేను తల తిప్పుకుంటాను. తొంభైల్లో ప్రతి ఆదివారం పొద్దున బ్యాడ్జీల పిచ్చి ఉన్నవాళ్లందరం అక్కడ చేరేవాళ్లం. ఫ్లాస్కుల్లో టీ, కాగితంలో చుట్టిన క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టెలు, కళ్లకు భూతద్దాలు. మధ్య బల్ల వెన్యమీన్ లుకిచ్‌ది.

ముప్పైల్లో మేటి శ్రామికులకిచ్చిన ఎనామెల్ బ్యాడ్జీల్లో ఏది అసలుదో, ఏది అతుకు పెట్టినదో ఆయన చెప్పిందే వేదం. బ్యాడ్జీని కింది పెదవికి ఆనించేవాడు. కొలిమిలో కాల్చిన ఎనామెల్ గాజులా చల్లగా తగులుతుంది, పైన పూసిన రంగైతే ఇట్టే వెచ్చబడుతుంది. వెనక మర, చెక్కిన నంబరు, అరుగుదల అన్నీ చూశాకే నోరు విప్పేవాడు. విప్పాక మూయించడం ఎవరి తరమూ కాదు.

"ఇది గోళ్ల రంగు నాయనా! మీ ఆవిడ వేళ్లకి పూసుకోమను, బావుంటుంది" అని ఒక పెద్దమనిషిని అందరి ముందూ కడిగేశాడు.

కొత్తగా చేరినవాళ్లకు బల్ల ఇచ్చే ముందు ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. జేబులోంచి ఒక బ్యాడ్జీ తీసి అరచేతిలో పెట్టి "ఎలా ఉంది?" అనేవాడు. ఎర్ర జెండా, పక్కన నేత కండె, ఎక్కడా పెచ్చు లేవలేదు.

"అద్భుతం! నిన్న చేసినట్టుంది" అన్నాను నేను.

"అందరిదీ ఇదే కూత. వెళ్లు రిమ్మా, ఆ తలుపు పక్క బల్ల నీది" అని దాన్ని లాక్కున్నాడు. చలిగాలి అంతా అక్కడే కొట్టేది. రెండేళ్లు ఆయన మీద నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

ఒక మార్చిలో తాయిసియా అనే నర్సు వచ్చింది. పై నెలలో వాళ్ల అమ్మమ్మకు ఎనభై ఐదేళ్లు నిండుతాయి. మిల్లులో ఆవిడకిచ్చిన బ్యాడ్జీ మూలన ఎనామెల్ పెచ్చు లేచిపోయింది. లుకిచ్ కుర్రతనంలో ఎనామెల్ కార్ఖానాలో పనిచేశాడని ఎవరో చెప్పారట.

"పుట్టినరోజుకి కొత్తదానిలా చేసివ్వండి తాతగారూ."

"చెయ్యను."

"ఊరికే వద్దులెండి, డబ్బులిస్తాను."

"ఆ డబ్బులు పెట్టి చేపలు కొనుక్కో. అదెలా విరిగిందో మీ అమ్మమ్మనడిగావా?"

"ఎలా విరిగితే ఏంటండీ? విరిగింది కదా!"

"అడిగి రా. ఆవిడ సరేనంటే చేస్తా."

"ముసలాయనకి బాగా ముదిరింది" అని నాకు వినపడేలా గొణుక్కుంటూ వెళ్లిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మమ్మ నా చేతిలోంచి లాగేసుకుందండీ. అది మీ అమ్మ చేసిన పనే, ముట్టుకున్నావంటే ఊరుకోనంది. అమ్మ అప్పటికి ఎనిమిది నెలల పసిపాపట. ఈ బ్యాడ్జీ పట్టుకుని పొయ్యి ఇనపతలుపు మీద టకటకా బాదేసిందట. మా అమ్మ పోయి పదకొండేళ్లయింది. నేను దాన్ని చెరిపించేద్దునే కదా!"

లుకిచ్ జేబులోంచి తన బ్యాడ్జీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది?"

ఆమె బొటనవేలితో దాన్ని మెల్లగా తడిమింది. "బావుందండీ. కానీ దీన్ని అసలెవరూ పెట్టుకున్నట్టే లేదేంటి?"

ఇక అరుస్తాడనుకున్నాను. ఆయన లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

"మా అమ్మది. దీనికీ పెచ్చు లేచి ఉండేది. నాకు పందొమ్మిదేళ్లప్పుడు, మార్చి ఎనిమిదిన ఆడవాళ్ల పండక్కి ఇద్దామని, చెప్పకుండా పట్టుకెళ్లి కొత్త ఎనామెల్ వేసి కాల్చా. ఆవిడ చూసి, బావుందిరా నాన్నా అని చక్కెర డబ్బాలో పెట్టేసింది. మళ్లీ ఎన్నడూ పెట్టుకోలేదు. ఆవిడ పోయాక పక్కింటావిడ చెప్పింది. మా నాన్న యుద్ధానికి పోతూ స్టేషన్లో అమ్మ కోటుకి దీన్ని బిగించబోయాడట. చెయ్యి జారి కింద పడేస్తే ఆ పెచ్చు లేచిందట. ఆయన మళ్లీ రాలేదు."

ఆమె బ్యాడ్జీని తిరిగి ఇచ్చింది. ఆయన అలవాటుగా పెదవికి ఆనించుకున్నాడు.

"ఆ రోజు అమ్మ నన్ను తిట్టి ఉంటే బావుండేదమ్మా" అన్నాడు.