ముక్కు విరిగిన హంస

లేపాక్షి చూసి వచ్చినవాళ్లు మా ధర్మవరంలో వీధికి పదిమంది ఉండేవారు. పెనుకొండలో దిగి, కొండ కింద మూలనున్న ఒక చిన్న గుడికి పోయినవాళ్లను మాత్రం నేనెరగను, మా నాయనను తప్ప. పట్టుచీరకు కొత్త అంచు కావాల్సినప్పుడల్లా ఆయన గళ్ల కాగితాలు చంకన పెట్టుకుని రైలెక్కేవాడు. పందొమ్మిదివందల యాభైలలో ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు.

ఆ గుడి చెక్కినవాడికి ఖాళీ జాగా అంటే పడదేమో. స్తంభాలు, గడప, దూలాలు, ఎక్కడ చూసినా తీగలూ పూలూ పక్షులే. గబ్బిలాల కంపుకు నేను కొంగు అడ్డం పెట్టుకుని నిలబడితే, నాయన ఒక స్తంభం ముందు కూర్చుని పొద్దు వాలేదాకా హంసల వరుస గీశాడు. నాలుగో హంసకు ముక్కు విరిగిపోయి ఉంది. ఆయన అట్లాగే గీశాడు.

"ముక్కు పెట్టకూడదా నాయనా?" అన్నాను.

"గుడి రాయిలో యెట్లుంటే అట్లే ఎత్తుకోవాల. దిద్దేకి మనమెవరమ్మా" అన్నాడు.

మా వీధి చివర పది మగ్గాలున్న ఆసామి ఒకాయన ఉండేవాడు. వరస కలిపి పెద్దనాయనా అని పిలిచేదాన్ని. నాయన జ్వరంతో మంచాన పడితే పలకరించడానికి వచ్చి, "రేపిస్తాలే" అని ఆ హంసల కాగితం పట్టుకుపోయి నాలుగు రోజులకు తెచ్చాడు. నాయన లేచి ఒక చీర నేసేలోగా అదే అంచుతో ఆయన చీరలు హిందూపురం అంగళ్లకు చేరాయి. తన తాతల కాలంనాటి అంచని చెప్పుకున్నాడు కూడా. మా చీర చూసిన అంగడాయన, "ఏమప్పా, వాళ్ల అంచు నువ్వు ఎత్తినావంట?" అని నాయనను నలుగురిలో అడిగాడు. నాయన చీర మడిచి ఇంటికి తెచ్చేశాడు. దొంగ అనిపించుకున్నాక మగ్గం ఎక్కనన్నాడు.

పెద్దనాయన ఇంటి మగ్గాల చప్పుడు వింటే పళ్లు నూరుకునేదాన్ని. ఒకరోజు ఆయన కోడలి చీర అంచు దగ్గర్నుంచి చూశాను. నాలుగో హంసకు ముక్కు లేదు. మహానుభావుడు గళ్లు లెక్కపెట్టి దించాడే కానీ పక్షిని చూడలేదు. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

నేతగాళ్ల పెద్దలు భజన మందిరంలో కూర్చున్న రోజు ఆయన మగ్గం చీరొకటి వాళ్ల ముందు పెట్టించాను.

"నాలుగో హంసకు ముక్కెందుకు లేదు పెద్దనాయనా?"

ఆయన అప్పుడే చూసుకున్నాడు. "మా తాత అట్లే నేసినాడమ్మా" అన్నాడు.

"అయితే పెనుకొండకు పోదాం రాండి."

మర్నాడు పొద్దున బండికి నలుగురు పెద్దలూ, ఆయనా, నేనూ పోయాం. పెద్దలు ఒక్కొక్కరే విరిగిన రాతిని వేలితో తడిమారు. ఈ స్తంభం ముందు కూర్చుని గీసిన మనిషిదే ఆ అంచని వాళ్లకు తేలిపోయింది. పెద్దనాయన లోపలికి రాలేదు, చెప్పుల దగ్గరే నిలబడిపోయాడు. నేను కావాలనే గట్టిగా పిలిచాను. "రా పెద్దనాయనా, మీ తాత పని ఈడ ఉండాది."

నాయన మళ్లీ మగ్గం ఎక్కాడు. పెద్దనాయనేమో పరువు కోసం తన హంసలన్నిటికీ ముక్కులు పెట్టించాడు. ఈలోగా ఆ కథ ఊళ్లన్నీ తిరిగింది. ఆడవాళ్లు అంగట్లో అంచు తిప్పి చూసి, మొండిముక్కు హంస ఉంటేనే అసలుదని తీసుకునేవాళ్లు. ఆయన చీరలు వెనక్కి వచ్చాయి. చివరకు మా గడపలోకి వచ్చి, "ఆ మొండిముక్కు నేనూ పెట్టుకుంటానప్పా" అని నాయననడిగాడు. మెత్తని మనిషి, నాయన తల ఊపబోయాడు.

"ముందు ఆ గుడి లోపలికి పోయి, రాయికి దండం పెట్టుకుని రా పెద్దనాయనా" అన్నాను.

ఆయన పోలేదు.

అరవైలలో ఒకసారి హిందూపురం బండిలో పెద్దనాయన నా ఎదుటి బల్లమీద కూర్చున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. పెనుకొండ కొండ కనబడగానే మొహం తిప్పుకుని కిందికి చూశాడు. నేను చీర అంచు మోకాలి మీద పరిచి, నాలుగో హంసను ఆయన కళ్లెదుట పెట్టుకుని కూర్చున్నాను. హిందూపురం వచ్చేదాకా తియ్యలేదు.