బిళ్లల ఉన్నామె పేరు

మా పెదనాయన రిటైరైన లెక్కల పంతులు. గద్వాలల ముప్పై ఏండ్లు బడి చెప్పి, వనపర్తికి వచ్చి మా పక్కనే ఇల్లు కట్టుకున్నడు. ఇంట్ల కూడ ఆయనది బడి పద్ధతే. నలుగురు కూడితే చాలు, హాజరు పిలిచినట్టు పేర్లు చదువుతడు. పలకకుంటే కోపం. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేండ్లు అయి ఉంటది. నేను కంప్యూటర్ కోర్సు చేసి ఒక ఇంటర్నెట్ సెంటర్ల పనికి కుదిరిన కొత్తల, ఆయన నోటుబుక్కు చంకల పెట్టుకుని నా దగ్గరికి వచ్చిండు.

"పిల్లా, మన వంశమంతా కంప్యూటర్ల ఎక్కియ్యాలె. పెత్రమాసకు అందరు వస్తరు గద, ఆ పొద్దుకు పెద్ద కాగితం మీద చెట్టు లెక్క తీసి గోడకు పెడ్త" అన్నడు.

పెత్రమాస అంటే మా తట్టు పోయినోళ్ల పేరు చెప్పి బియ్యమిచ్చే అమాస. ఇంక నెల రోజులే ఉంది. నాకేమో కొత్త కొత్త ఉబలాటం, సెంటర్ల మూలకు పడ్డ పాత కంప్యూటర్ను ఇంటికి తెచ్చుకొని కూసున్న. మనిషికొక వరుస, వరుసల గడులు: పేరు, తండ్రి పేరు, భార్య లేకుంటే భర్త, పిల్లలు. పేరు గడి ఖాళీగ ఉంటే ముందుకు పోనియ్యకుండ నేనే కట్టడి పెట్టిన. మా సారు గట్ల నేర్పిండు మరి.

ఎవరుండాలె, ఎవరుండొద్దు అనేది పెదనాయన ముందే ఎర్రసిరాతోటి రాసుకొచ్చిండు. మన ఇంటిపేరోళ్లే ఉండాలంట. ఆడపిల్లలుంటరంట గని వాళ్ల పిల్లలుండరంట.

"అయితే రేపు నా పిల్లలు ఏ చెట్టుకు కాస్తరు పెదనాయనా?" అన్న. నాకు ముక్కు మీదనే కోపం.

"గా చెట్టోళ్లు చూసుకుంటరు తియ్యి. ఇంకొకటి, పిల్లలు కాకుండ పోయినోళ్లను రాయకు. కొమ్మ అక్కడ్నే మొండిగ ఆగిపోతది, చూడనీకి బాగుండదు."

అవ్వ, అంటే మా నాయినకు, పెదనాయనకు తల్లి, గడప కాడ కూసొని పల్లికాయలు వలుస్తుండె. చేతులాపింది. "అట్లయితే మా అక్కను రాయరారా?" అని అడిగింది.

ఆ అక్క కథ మా ఇంట్ల అందరికీ తెలుసు, ఆమె పేరే ఎవరికీ తెల్వదు. నేను పుట్టకముందే పోయిన మా తాతకు అవ్వ రెండో పెండ్లాం. మొదటామె కాపురానికొచ్చిన ఏడాది తిరగకముందే జరమొచ్చి పోయిందంట. మా దిక్కు సవతి పోయిన ఇంటికి పెండ్లి చేసుకొని వస్తే, చనిపోయినామె బొమ్మ కొట్టిన చిన్న బిళ్లను మెడల వేసుకోవాలె. సవతమ్మ బిళ్ల అంటరు. కొత్త చీర తెస్తే ముందుగాల ఆమెకు చూపెట్టి, బొట్టు పెట్టి, ఆ తర్వాతనే కట్టుకోవాలె. లేకుంటే ఆమె అలుగుతదని భయం. అవ్వకు ఆ భయం ఎన్నడో పోయింది గని, చూపెట్టుడు పోలే. మా నాయిన చవక చీర తెస్తే బిళ్లను చీర మీద పెట్టి, "చూడక్కా, నీ కొడుకు ఎంత పిసినారో" అని చెప్పేది. చిన్నప్పుడు నేను ఆమె ఒడిల పండుకొని ఆ బిళ్లను ముట్టుకునేదాన్ని. అరిగి అరిగి బొమ్మకు ముక్కు మొఖం లేకుండ పోయినయ్. రెండు చేతులు మాత్రం చేతికి తగిలేవి.

"అమ్మా, ఆమెకు పిల్లలు లేరు, మనకు పేరు కూడ తెల్వకపాయె. ఎట్ల రాస్తం?" అన్నడు పెదనాయన.

"నేనున్నన్ని రోజులు నా మెడల ఉంటది. నేను పోయినంక ఈ బిళ్లను మీరు కరగబెట్టి ఎవరికో కమ్మలు చేపిస్తరు. ఇంక ఆమె ఎక్కడుంటది? గా డబ్బాలనన్న ఉండనియ్యి." అవ్వ కొంగుతోని కండ్లు తుడుచుకుంది. ఆమె ఏడ్వంగ నేను అంతకుముందు చూడలే. నాకు పెదనాయన మీద ఎంత కోపమొచ్చిందంటే, కీబోర్డు పక్కకు నూకేసిన.

"అయితే పేరు కనుక్కొని రా" అన్నడాయన, మాతోని ఎట్లాగూ కాదనుకొని.

వడ్డేపల్లి దగ్గర ఒక ఊరు ఆమె పుట్టిల్లని అవ్వకు యాదుంది. తెల్లారే ఇద్దరం బయలెల్లినం. గద్వాల దాక ఒక బస్సు, అక్కణ్నుంచి ఇంకొకటి. అవ్వ బస్సుల ఒకటే ముచ్చట. పదమూడేండ్లకు వీపనగండ్ల తట్టు నుంచి కాపురానికి బండ్ల వచ్చినప్పుడు దారి పొడుగునా బిళ్లను గట్టిగ పట్టుకొని, "అక్కా, నన్నేమనకు, నేనేం చేయలే" అని మొక్కుకుంట వచ్చిందంట. చెప్పుకుంట నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఊర్ల అడుగుకుంట పోతే, మొదటామె చెల్లెలొకామె బతికే ఉంది. చూపు ఆనుతలేదు. సజ్జ రొట్టెలు చేస్తుంటే చేతులు కడుక్కొని వచ్చింది. అవ్వ, నేను ఫలానా ఇంటి రెండో కోడల్ని అని చెప్పంగనే దగ్గరికొచ్చి, ముందు బిళ్లను తడిమింది. "అక్కా" అని దానికి మొఖం ఆనించుకుంది. అవ్వ కదలకుండ నిలబడ్డది. నేను పక్కకు తిరిగి ముక్కు తుడుచుకున్న.

జర సేపటికి నేనే అడిగిన, "మీ అక్క పేరేంది పెద్దమ్మా?"

ఆమె చెప్పింది. అది మా అవ్వ పేరు.

"మా అవ్వ పేరు కాదు, మీ అక్క పేరు" అన్న.

"గదే చెప్తున్న బిడ్డా. మా అక్క పేరే ఈమెకు పెట్టిన్రు. మీ అవ్వ అత్త, మా అక్క పోయిందని ఒప్పుకోకపాయె. కొత్త కోడలు వచ్చిన నాడే గా పేరుతోని పిలిచిందంట. మా అమ్మకు తెలిసి ఎంత ఏడ్చిందో. మీకు తెల్వదా?"

అవ్వ బిళ్లను అరచేతిల పెట్టుకొని చూసుకుంది. అత్తగారింటికి వచ్చిన కోడలికి పేరు మార్చుడు అప్పట్ల మామూలే గాబట్టి ఆమె ఏమీ అడగలేదంట. రేషన్ కార్డుల, ఓటు కార్డుల, పొలం పాసుబుక్కుల, పెదనాయన నౌకరీ కాగితాలల తల్లి పేరు కాడ, అంతటా చనిపోయినామె పేరే. మేమేమో ఆమెకు పేరే లేదంటిమి! నాకు మా ఇంటి మీదనే సిగ్గనిపించింది.

వచ్చేటప్పుడు బస్సుల నేను పక్కపొంటి ఏదేదో చెప్తున్న, అవ్వ కిటికీలకెల్లి చూస్తుండె. బీచుపల్లి బ్రిడ్జి దాటుతుంటే కిష్ణమ్మకు మొక్కి రూపాయి ఏసుడు ఆమెకు అలవాటు. ఆ పొద్దు అది కూడ మరిచింది.

ఇంటికొచ్చి అంతా చెప్పినం. పెదనాయన తలకాయ గోక్కుంట, "ఇద్దరికి ఒక్కటే పేరంటే చూసేటోళ్లు పరేషానవుతరు. మొదటామెను వదిలేద్దాం" అన్నడు.

"వదిలేద్దామా?" అవ్వ లేచి నిలబడ్డది. "అరవై ఏండ్లు ఆమె పేరు నేను తిన్న. ఆమెది ఆమెకియ్యి. నాకు మా అమ్మ పెట్టింది ఉంది."

మేం ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నం. మా నాయిన, పెదనాయన, తల్లి కడుపుల పుట్టి, మనవలను ఎత్తినోళ్లు, తల్లికి ఇంకో పేరుండెనా అని అడగనే లేదు. నేనూ అడగలేదు. అవ్వ నా చెవుల చెప్పింది, పెద్దగ చెప్పనీకి సిగ్గయిందేమో. నేను కంప్యూటర్ల కొట్టిన. పైవరుసల అక్క, ఆమె కింద అవ్వ. పెదనాయన ఎర్రసిరా పేజీని చింపేసిండు. అట్ల ఆడపిల్లల పిల్లలు కూడ చెట్టెక్కిన్రు.

పెత్రమాస నాడు ఇల్లంతా చుట్టాలు. నాలుగు కాగితాలు అతికించి గోడకు పెట్టినం. పెదనాయన కట్టె పట్టుకొని, అలవాటు కొద్దీ పైనుంచి హాజరు పిల్వబట్టిండు. పోయినోళ్ల పేర్లకు అందరు ఊకున్నరు, ఉన్నోళ్లు ఎవరి పేరుకు వాళ్లు పలుకుతున్నరు, పిల్లలు నవ్వుతున్నరు.

మొదటామె పేరు చదివిండు. అవ్వ పలకనీకి నోరు తెరిచింది. అరవై ఏండ్ల అలవాటు మరి. తెరిచిన నోరు మూసుకొని, బిళ్లను పిడికిట్ల పట్టుకొని ఊకుంది.

ఆ తర్వాత పెదనాయన తన తల్లి అసలు పేరు చదివిండు, చిన్నగ, తప్పు చదువుతనేమోనని భయపడుకుంట.

"ఆఁ, ఈడ్నే ఉన్న" అన్నది అవ్వ.