మల్లెచెట్టుకు కట్టిన ధార

పోయిన వారం మా కోడలు పిల్లల్ని తీసుకుని ఊటీకి పోతూ, మేడ్చల్ ఇంటి బాల్కనీలోని ఇరవై కుండీలకూ సన్నని గొట్టాలు అమర్చి, వాటిని గడియారంలాంటి ఒక డబ్బాకు తగిలించి, పొద్దున ఆరింటికి నీళ్ళు వాటంతటవే పడతాయని చెప్పి వెళ్ళింది. నేను ఇంట్లోనే ఉంటానని తెలిసి కూడా! ఏడో తరగతికే బడికి దండం పెట్టినవాడినని నన్ను నమ్మక కాదు, కుత్బుల్లాపూర్ సంగతి మా ఆవిడ ఆమె చెవిలో ఎప్పుడో వేసి ఉంటుంది. అదేదో మీకు నా నోటితోనే చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది.

అప్పట్లో కుత్బుల్లాపూర్‌లో ఉంటూ నేను ఇళ్ళకు రంగులు వేసేవాడిని. వరుసగా ఆరు కిరాయి గదులు, అందరికీ ఒకే వాకిలి, ఒకే నల్లా. ఎండాకాలం వస్తే మూడు రోజులకోసారి గంటసేపు నీళ్ళు. మా గది ముందు ఖాళీ రంగు డబ్బాలో ఒక మల్లెచెట్టు ఉండేది. మా అత్తగారు చనిపోయిన ఏడాది, తుర్కపల్లిలో ఆమె పెంచిన చెట్టు నుంచి ఒక కొమ్మ విరిచి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చింది మా ఆవిడ. తల్లి తరఫున ఆమెకు మిగిలింది అదొక్కటే.

ఆ ఎండాకాలం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సముద్రం చూద్దామని విశాఖకు రైలు టికెట్లు కొన్నాను. చెట్టును ఎనిమిది రోజులు ఎండగట్టి తాను రానంది మా ఆవిడ. ఎవరినైనా పొయ్యమందామంటే, ఆ వాకిట్లో చెంబెడు నీళ్ళు అడగడమూ చెవి కమ్మలు అడగడమూ ఒకటే. దానికేం, నేను లేనా అన్నాను. గుళ్ళో లింగం మీద వేలాడే ధారపాత్రను చూడనిదెవరు? మూడు వెదురు కర్రలు కట్టి, కుండ వేలాడదీసి, అడుగున చిల్లు పొడిచి గుడ్డ వత్తి దూర్చాను. చుక్క పడినచోట మన్ను గుంట పడకుండా నున్నటి నల్లరాయి ఒకటి పెట్టాను. పని చూసుకుని నాకే ముచ్చటేసింది.

తిరిగొచ్చేసరికి వాకిలంతా అగరొత్తుల వాసన. నా నల్లరాయికి విభూతి, కుంకుమ, బంతిపూలు. డబ్బా నిండా అంచుదాకా బురద, అందులో పండుబారిన ఆకులతో మునిగిపోతున్న మల్లెచెట్టు. డబ్బా అడుగున నాలుగు చిల్లులు పొడవమని మా ఆవిడ ఏడాదిగా పోరుతుంటే ఒక్కటి పొడిచి చేతులు దులుపుకున్నాను. అది ఎప్పుడో పూడిపోయింది.

మా ఆవిడ నోరు తెరవబోయేలోగా, చివరి గదిలో ఉండే ఇంటి ఓనరు తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ముసలామె, కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"ధార తెగనియ్యలే బిడ్డా. తాగే నీళ్ళు తగ్గించుకొని పోసిండ్రు అందరు."

మిగతా గదుల ఆడవాళ్ళూ గుమ్మాల్లో నిలబడి మావైపే చూస్తున్నారు. మా ఆవిడ అందరికీ దండం పెట్టి లోపలికొచ్చి తలుపేసుకుంది.

"నీ తెలివి సల్లగుండ, మా అమ్మ చెట్టును బావిల ముంచినవ్ గదా!"

చెట్టును డబ్బాలోంచి పెళ్ళగించి చూశాను. వేర్లు కుళ్ళాయి. పచ్చిగా మిగిలిన కొమ్మల్ని ఏరి ఆమె ఆరు చిన్న డబ్బాల్లో నాటింది. అన్నిటికీ అడుగున నాలుగేసి చిల్లులు నేనే పొడిచాను, ఎవరూ చెప్పకుండానే. చిగుళ్ళు వేశాక ఒకటి ఉంచుకుని, మిగతా ఐదూ గదికొకటి పంచింది. అవ్వ చేతికి డబ్బా ఇస్తూ, అది దేవుడు కాదనీ వట్టి రాయనీ ఉన్నమాట చెప్పేశాను.

అవ్వ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "అది రాయని నాకెర్క లేదారా? మల్లెచెట్టుకు పొయ్యమంటె ఎవలు పోస్తరు? శివుడంటె పోస్తరు. నేను ఒక్క చెంబు సాలన్న, వీళ్ళు బిందెలే ఎత్తిరి. భక్తిని నేనేడ ఆపాలె?"

తర్వాత ఆ గదులు కూల్చేసి అపార్టుమెంటు కట్టారు. ఒకరు దూలపల్లికి, ఒకరు షామీర్‌పేట అవతలికి, తలా ఒక దిక్కుకు డబ్బాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాం. మాది ఇల్లు మారినప్పుడు ఎండిపోయింది. కానీ ఆ ఐదింటిలో ఒక్కటైనా ఏదో గోడ పక్కన ఈ ఏడు కూడా పూసే ఉంటుంది, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. ఒక కొమ్మ అడిగి తెచ్చుకుందామని మా ఆవిడ ఈమధ్య రెండుసార్లు అంది. చెంబెడు నీళ్ళు అడగడానికి జంకిన రోజుల్లో ఆ ఐదు తలుపులూ పిలిస్తే పలికేంత దూరంలో ఉండేవి. ఇప్పుడు కొమ్మ అడిగితే లేదనేవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు, ఆ తలుపులెక్కడున్నాయో మాత్రం మాకు తెలియదు.