ఆధారం అడిగే సిగ్రిడ్ గారు

సిగ్రిడ్ హాల్డర్సన్ గారు ఫుట్‌నోట్ లేని వాక్యాన్ని నమ్మరు. అది కాగితం మీద ఉన్నా సరే, మనిషి నోట్లో ఉన్నా సరే. కెనడాలోని విన్నిపెగ్‌లో, ఒక విశ్వవిద్యాలయ భవనంలోంచి నేరాల గురించీ శిక్షల గురించీ వ్యాసాలు వేసే మా పత్రికకు ఆవిడ సంపాదకురాలు, నేను సహాయకుణ్ణి. ఈ పదకొండేళ్లలో నా మాటల్లో ఆవిడ ఆధారం అడగకుండా ఒప్పుకున్నది ఒక్కటే, నా పేరు. అదీ డ్రైవింగ్ లైసెన్సు చూశాకే.

"బయట చలి చంపేస్తోందండీ" అంటాను.

"ఎంతమందిని?" అంటారు, తల ఎత్తకుండా.

పెళ్లిరోజు విందులో ఆవిడ భర్త ఐనర్ గారు గ్లాసు పైకెత్తారు. "ముప్పై అయిదేళ్లుగా ఇంత చల్లని కాపురం మా వీధిలోనే లేదు."

"మిగతా ఇళ్లలో విచారించావా?"

"లేదు."

"అయితే 'నాకు తెలిసినంతలో' అని చేర్చు."

ఆయన చేర్చి, తాగారు.

మా పత్రికకు వచ్చే వ్యాసాలన్నీ ఒకే మబ్బులోంచి రాలిన చినుకులు. "నేరాలు పెరిగిపోతున్నాయన్నది అందరికీ తెలిసిందే" అని మొదలవుతాయి. ఆవిడ పక్కన పెన్సిలుతో రాస్తారు: "ఆ అందరిలో ఒక్కరి ఫోను నంబరు ఇవ్వగలరా?" బెయిలు మీద నలభై పేజీలు రాసిన ఒక పండితుడు జన్మలో బెయిలు కోర్టు గుమ్మం తొక్కలేదని తేలింది. అక్కడికి వెళ్లే బస్సు నంబరు రాసి వ్యాసం తిప్పి పంపారు.

గత మార్చిలో విశ్వవిద్యాలయం ఒక నియమం తేబోయింది. ఎప్పుడైనా జైలుకెళ్లినవాళ్ల చేతిలో భవనాల తాళాలు ఉండకూడదట. మా భవనం తాళాలన్నీ, అక్కడి పనులు చూసే క్లెమ్ డెలార్మ్ నడుముకు వేలాడుతూ గలగలమంటాయి. ఇరవై రెండేళ్లప్పుడు ఏదో కొట్లాటలో జైలుకెళ్లొచ్చాడు. ఇప్పుడు యాభై ఆరు. తప్పుచేసినవాడికి రెండో అవకాశం ఇవ్వాలని మేం అచ్చువేసిన వ్యాసాలన్నీ ఏ గదిలో ఉన్నాయో అతనికే తెలుసు. కట్టలు మోసింది అతనే.

"ఏం బాబూ, నా పని పోయినట్టేనా?" అని నన్నడిగాడు.

"అలా ఏం జరగదులే."

వెనకనుంచి వినిపించింది: "ఆధారం?"

ఆ రోజు ఆవిడ మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

నియమం బరువంతా ఒక్క వాక్యం మీదే నిలబడింది: "ఒకసారి తప్పుచేసినవాడు మళ్లీ చేస్తాడని పరిశోధనలు తేల్చాయి." దానికి పద్నాలుగో ఫుట్‌నోట్. మంచులో కుందేలు అడుగుల వెంట పోయినట్టు, ఆవిడ దాని వెంట తొమ్మిది రోజులు గ్రంథాలయంలో తిరిగారు. ఆ ఫుట్‌నోట్ ఒక నివేదికను చూపించింది. నివేదిక ఒక పుస్తకాన్ని, పుస్తకం మరో వ్యాసాన్ని. ఎవరూ తమ ముందువాణ్ణి చదవలేదు, దణ్ణం పెట్టి దాటిపోయారు. చివరికి అడుగులు మా పత్రిక పాత సంచికలోనే ఆగాయి, 1991లో. వాక్యం ఉంది, కింద ఫుట్‌నోట్ లేదు. రాసింది ఎస్. హాల్డర్సన్.

నియమాన్ని ఖాయం చేసే కమిటీ ముందు ఆవిడ ఆ పేజీ చదివారు. అధ్యక్షుడు కెర్ గారు కళ్లజోడు తీశారు.

"అంటే ఇది మీ మాటేనా?"

"నాదే. నాకు ఇరవై తొమ్మిదేళ్లు అప్పుడు. వాక్యం వినడానికి బాగుందని రాశాను. ఆధారం తర్వాత వెతుకుదాం అనుకున్నాను, ఈలోగా వసంతం వచ్చింది."

"ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదా?"

"నేను అడుగుతూనే ఉన్నాను, అందరినీ. నన్ను తప్ప."

కెర్ గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "సరే, ఆ వాక్యం తీసేద్దాం. కానీ ఈ మనిషిని నమ్మొచ్చని మీ దగ్గర ఆధారం ఉందా?"

సిగ్రిడ్ గారిని ఒకరు ఆధారం అడగడం ఆ ఊళ్లో అదే మొదటిసారి, నాకు తెలిసినంతలో. ఆవిడ ముఖం నది మీద మంచు పగిలినట్టు వెలిగింది. సంచిలోంచి తొమ్మిది పేజీలు తీశారు. పైన ఒకే వాక్యం: "క్లెమ్ డెలార్మ్ నమ్మదగిన మనిషి." మిగతాదంతా ఫుట్‌నోట్లే, నలభై ఒకటి. మొదటిది: "2014 జనవరి 12, మైనస్ ముప్పై ఎనిమిది. చచ్చిపోయిన నా కారు బ్యాటరీని బతికించాడు." పంతొమ్మిదోది: "మెట్ల మీద ఏడుస్తున్న విద్యార్థినికి తన రొట్టెలో సగం ఇచ్చి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూశాను." మమ్మల్ని సతాయిస్తూనే ఆవిడ ఇన్నేళ్లూ ఇవన్నీ తేదీలతో సహా రాసిపెట్టుకున్నారు.

తాళాలు క్లెమ్ నడుమునే ఉండిపోయాయి. మర్నాడు అతను ఆ పేజీలన్నీ వేలు పెట్టి మెల్లగా చదివి, గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై మూడోది తప్పు, మేడం. ఆ రోజు మీ గది హీటరు బాగుచేసింది నేను కాదు, మా తమ్ముడు."

ఆవిడ పెన్సిలు తీసి ఆ ఫుట్‌నోట్ కొట్టేశారు. దాని స్థానంలో కొత్తది రాశారు: "తనకు రాని మెప్పును తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడే, నా ఎదురుగా."

మొత్తం మళ్లీ నలభై ఒకటే.